తేరిన నీరు మళ్లీ కలగకుండా

తాండూరు నాపరాయిని కోయాలన్నా, పాలిష్ పట్టాలన్నా నీళ్లు పోస్తూ ఉండాల్సిందే. రంపం వేడెక్కకూడదు, దుమ్ము లేవకూడదు. ఆ నీళ్లు రాతిపొడిని కలుపుకొని చిక్కటి బురదనీరై బయటికొస్తాయి. తొట్టిలో నిలబెడితే పొడి అడుక్కి దిగి పైన తేట మిగులుతుంది. దాన్ని మళ్లీ మిషన్లకు వాడుకోవచ్చు. చిక్కంతా ఆ తేటను తీసే ఇరుకు దారి దగ్గరే.

లోతు మారకుండా దారి వెడల్పు సగమైతే నీటి వేగం రెట్టింపవుతుంది. అడుగు పొడిని లేపే బలం దాదాపు నాలుగింతలవుతుంది. గంటల తరబడి తేరిన నీరు తూము నోటి దగ్గర క్షణాల్లో కలకబారేది అందుకే.

అలాగని ఇరుకునే తప్పుపట్టలేం. దారి క్రమంగా సన్నబడితే నీరు గోడలను అంటుకొనే సాగుతుంది. మూల కోసుగా ఉంటేనే గోడను వదిలి సుళ్లు తిరుగుతుంది. 1883లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో రంగు నీటి ధారను పంపి, ప్రవాహం ఎప్పుడు చెదురుతుందో పరిశీలించాడు. గొట్టానికి బాకా మూతిలాంటి వెడల్పాటి నోరు అమర్చి, లోపలికి వదిలే ముందు నీటిని నిశ్చలంగా ఉంచాడు. గొట్టాల్లో ప్రవాహం మామూలుగా చెదిరే హద్దు, ఇప్పుడు ఆయన పేరుతో పిలిచే సంఖ్యలో, సుమారు 2,000. ఆయన జాగ్రత్తల వల్ల 12,000 వరకూ రంగు గీత చెదరలేదు.

ఇరుకు దాటి నీరు విచ్చుకునే చోటు ఇంకా ప్రమాదం. కాలువల లెక్కల్లో క్రమంగా ఇరుకయ్యే చోట శక్తి నష్ట గుణకం 0.1గా తీసుకుంటే, క్రమంగా వెడల్పయ్యే చోట 0.3గా తీసుకుంటారు. మొదటి తొట్టి నుంచి రెండో దానికి చిన్న రంధ్రం పెడితే, అక్కడ దూకిన ధార రెండో తొట్టి అడుగును చిలికేస్తుంది. రంధ్రానికి బదులు గోడ పొడవునా ఒకే మట్టంలో పొర్లుకట్టు కడితే అదే నీరు పలచగా, నెమ్మదిగా దాటుతుంది. పంపు గొట్టం మూతి వెడల్పుగా, బురదకు బాగా ఎత్తులో ఉండాలి. బురద ఆ ఎత్తుకు చేరకముందే తోడెయ్యాలి.

తాండూరు దగ్గర పారే కాగ్నా నది కర్ణాటకలో భీమాలో కలుస్తుంది. భీమా చివరికి చేరేది కృష్ణకే. తొట్టి దాటిన రాతిపొడికి వాగుల వెంట అదే దారి. పాలిషింగ్ యూనిట్ల యజమానులారా, కొత్త తొట్టి తవ్వించే ముందు ఉన్న తొట్టి తూమును ఒకసారి చూడండి. కోసు మూలలుంటే గుండ్రంగా చేయించండి, చిన్న రంధ్రముంటే మూసి పొర్లుకట్టు కట్టించండి.