నీలి తెర ఏం చెబుతోంది?

సైన్సు ప్రాజెక్టు టైపు చేస్తుంటే తెర హఠాత్తుగా నీలంగా మారిపోయింది. (2025 నుంచి విండోస్ 11లో ఇది నల్లగా కనిపిస్తోంది.) ఏవో ఇంగ్లీషు మాటలు కనిపించాయి. కంప్యూటరు ఆగి, తనంతట తానే మళ్లీ మొదలైంది. మర్నాడూ అంతే. "పాతబడిపోయింది, కొత్తది కొనాల్సిందే" అంటారు ఇంట్లో. వేల రూపాయల మాట కదా, తొందరెందుకు?

ముందు మీ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవులో దాచుకోండి. తర్వాత ఒక నోటుపుస్తకం తీయండి. తెర మీది ఆ మాటల్ని 'స్టాప్ కోడ్' అంటారు. అది కనిపించిన ప్రతిసారీ కోడ్, తేదీ, సమయం, అప్పుడు మీరు చేస్తున్న పని రాయండి. ఐదారుసార్లు రాశాక చూడండి. ఒకే పని చేసినప్పుడు ఒకే కోడ్ వస్తోందా? లేక రోజుకో కోడ్, వేళాపాళా లేకుండా వస్తోందా?

మొదటి రకమైతే దోషం చాలావరకు ప్రోగ్రాములదే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ పంపిన ఒక తప్పు ఫైలు వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేశాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వాల్సి వచ్చింది! వాటిలో ఏ భాగమూ చెడిపోలేదు. అత్యవసరమైన ప్రోగ్రాములతోనే నడిచే 'సేఫ్ మోడ్'లో తెరిచి, ఆ ఫైలు తీసేస్తే చక్కబడ్డాయి. మీ ఇంట్లోనూ ఏది కొత్తగా వేశాక గొడవ మొదలైందో దాన్ని తీసి చూడండి.

రెండో రకం తిరకాసుది. విండోస్ మళ్లీ వేయించినా పోదు. ఇక్కడ వేడిని అనుమానించాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఏదైనా కానివ్వండి, మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బొగ్గు గనుల ఊరు భూపాలపల్లిలో దుమ్ము సంగతి చెప్పాలా! ఫ్యాను రెక్కలకు దుమ్ము పడితే లోపలి వేడి బయటికి పోదు. మధ్యాహ్నాలే ఎక్కువగా ఆగిపోతోందని మీ నోటుపుస్తకం చెబితే, ముందు దుమ్ము దులపండి.

వేళతో సంబంధం లేదా? అయితే మెమరీ, అంటే ర్యామ్ చూడాలి. 8 జీబీ ర్యామ్‌లో 6,800 కోట్లకు పైగా గడులుంటాయి. ఒక్కో గడిలో 0 గాని, 1 గాని. ఇంగ్లీషు 'ఎ' అక్షరానికి గుర్తు 01000001. చివరినుంచి రెండో 0 కాస్తా 1 అయితే అది 'సి' అయిపోతుంది. చెడిన గడిలోకి ఒకసారి మీ వ్యాసం, ఒకసారి బొమ్మ, ఇంకోసారి విండోస్ సొంత ఆజ్ఞ వచ్చి చేరతాయి. కోడ్ రోజుకో వేషం వేసేది అందుకే!

'విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్' గడుల్లో తెలిసిన అంకెలు రాసి, తిరిగి చదివి సరిచూస్తుంది. తప్పు చూపిందా? రెండు ర్యామ్ స్టిక్కులుంటే ప్లగ్గు తీసి, పెద్దల సాయంతో, ఒక్కదాన్నే ఉంచి పరీక్షించండి. తర్వాత అదే స్టిక్కును రెండో స్లాటులో, ఆపైన రెండో స్టిక్కును అలాగే. ఒక్కసారికి ఒక్క మార్పే సుమా! తప్పు స్టిక్కు వెంట వెళితే స్టిక్కు మార్చాలి. ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాటులో వస్తే దోషం మదర్‌బోర్డుది. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పకండి, ప్లగ్గు తీశాక కూడా అందులో కరెంటు నిలిచి ఉంటుంది.