పక్షవాతం: గుర్తింపు, నివారణ

సూరత్ నగరంలోని పాండేసర పారిశ్రామికవాడ మరమగ్గాలకు, అద్దకపు మిల్లులకు నెలవు. తెలంగాణ నుంచి వలసవెళ్ళిన నేత కుటుంబాలెన్నో సూరత్‌లో ఒడియా, హిందీ, మరాఠీ, గుజరాతీ మాట్లాడేవారి సరసన జీవిస్తున్నాయి. 12 గంటల షిఫ్టు ముగించిన కార్మికునికి హఠాత్తుగా చేయి స్వాధీనం తప్పితే, అలసట అనుకొని నిద్రకు ఉపక్రమించడం ప్రమాదకరం. అది పక్షవాతం కావచ్చు.

మెదడులోని రక్తనాళం గడ్డతో మూసుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. మూతి ఒక పక్కకు లాగడం, ఎత్తిన రెండు చేతులలో ఒకటి వాలిపోవడం, మాట తడబడడం దీని ముఖ్య లక్షణాలు. మాటలోని తడబాటు ఆ భాష ఎరిగినవారికే తెలియవచ్చు. కాని ముఖాన్ని, చేతిని పరిశీలించడానికి భాషతో పనిలేదు. ఏ రాష్ట్రానికి చెందిన సహచరుడైనా గుర్తించి 108కి ఫోన్ చేయవచ్చు.

లక్షణాలు మొదలైన సమయాన్ని వైద్యునికి చెప్పడం అత్యవసరం. స్కానింగ్‌లో రక్తస్రావం లేదని తేలిన తరువాత, గడ్డను కరిగించే మందును సాధారణంగా 4.5 గంటలలోపు ఇవ్వాలి. లక్షణాలు వాటంతటవే తగ్గినా ఆసుపత్రికి వెళ్ళవలసిందే. స్వగ్రామానికి వెళ్ళి నాటువైద్యం చేయించుకోవచ్చునని రైలెక్కితే ఆ విలువైన వ్యవధి దాటిపోతుంది.

నివారణ చాలవరకు మన చేతిలోనే ఉంది. అధిక రక్తపోటు ప్రధాన కారణం. అది బాధ కలిగించకుండానే హాని చేస్తుంది. కాబట్టి క్రమంగా పరీక్ష చేయించుకోవాలి. డాక్టరు ఇచ్చిన మాత్రలను సొంతంగా మానరాదు. బీడీ, గుట్కా, మద్యం విడనాడాలి. మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవాలి. పచ్చళ్ళతో సహా రోజంతటిలో తీసుకునే ఉప్పు 5 గ్రాములు మించరాదు. కార్మికుని ఆరోగ్యమే కుటుంబానికి ఆధారం.