చిన్న సంస్థల లెక్కలు: ప్రక్షిప్తముల పరిశీలన

పుస్తకమును చదువుట వేరు, పరిష్కరించుట వేరు. పరిష్కర్త నాలుగు ప్రతులు ముందిడుకొని, ఏది కవి రచనయో, ఏది పిదప చేరిన ప్రక్షిప్తమో తేల్చును. చిన్న, మధ్యతరగతి సంస్థల వాటాలు కొనదలచిన వానికి కావలసినదియు ఈ విద్యయే. నేడు అధ్యాపకుల విశ్రాంతి గదులలో ఈ వాటాల ప్రసక్తి లేని పూట లేదు. కొనదగిన పేర్లు చెప్పువారు పెక్కుమంది. లెక్క చూచినవారు అరుదు.

చిన్నదనగా ఎంత? 2017లో సెబీ మ్యూచువల్ ఫండ్ల కొరకు ఒక విభజన చేసెను. మార్కెట్టు విలువను బట్టి మొదటి 100 సంస్థలు పెద్దవి, 101 నుండి 250 వరకు మధ్యతరగతివి, తక్కినవన్నియు చిన్నవి. పెద్ద సంస్థను గూర్చి నిపుణులు నిత్యము వ్రాయుచుందురు. దాని మంచిచెడ్డలు చాలవరకు ధరలోనే ఇమిడియుండును. చిన్న సంస్థను తొంగిచూచువారు తక్కువ. కావున శ్రద్ధగల పాఠకునకు అవకాశమున్నది, మోసగానికిని వెసులుబాటున్నది.

లాభముకంటె ముందు నగదును చూడవలెను. ఒక సంస్థ ఈ యేడు 10 కోట్ల లాభము చూపినదనుకొందము. సరకును అరువునకు ఇచ్చినను లెక్కలో అది అమ్మకమే, దానిపై మిగిలినది లాభమే. కాని సొమ్ము చేతికి రాలేదు. రావలసిన బాకీలు పెరిగినవి. వార్షిక నివేదికలో నగదు రాకపోకల పట్టిక యొకటి యుండును. అందు వ్యాపారమువలన వచ్చిన నగదు 2 కోట్లే యైనచో, తక్కిన 8 కోట్లు ఎక్కడ? వేగముగా ఎదుగు సంస్థకు ఒకటి రెండేండ్లు ఇట్లుండుట సహజమే. ఐదేండ్ల లాభములను, ఐదేండ్ల నగదును వేర్వేరుగా కూడి సరిచూడవలెను. అప్పటికిని పొసగనిచో అనుమానింపవలసినదే.

బ్యాంకులో నిల్వ యున్నదని వ్రాసినంతనే తృప్తిపడరాదు. మన హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్స్ చిన్న సంస్థ కాదు. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు రామలింగరాజు లేఖ వ్రాసి, పుస్తకములలో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు వట్టివని ఒప్పుకొనెను. రాని వడ్డీ 376 కోట్లు కూడ వచ్చినట్లే లెక్కకెక్కి యుండెను! పేరుపడిన ఆడిటర్ల సంతకము క్రింద నిలిచిన ప్రక్షిప్తమది. ఎవరును చూడని సంస్థలో ఎంత జాగ్రత్త కావలెనో ఊహింపవచ్చును. చేతిలో పుష్కలముగా నగదున్నదనుచునే ఏటేట అప్పు చేయు సంస్థను, నిల్వకు తగిన వడ్డీ చూపని సంస్థను ప్రశ్నింపక తప్పదు.

ఆ యేడే, ప్రమోటర్లు తమ వాటాలు తాకట్టు పెట్టినచో వెల్లడింపవలెనని సెబీ నియమించెను. ధర పడినపుడు అప్పిచ్చినవాడు ఆ వాటాలను తెగనమ్మును. ధర మరింత పడును.

లెక్కలు కుదిరిన పిమ్మట వ్యాపారమును గ్రహింపవలెను. మన గోదావరి జిల్లాలనే చూడుడు. 2009లో వనామీ రొయ్యల పెంపకమునకు అనుమతి వచ్చినది. కోస్తా చెరువులు వానితో నిండినవి. చెరువున్నచోట మేత కావలెను గదా! కొవ్వూరు ప్రాంతమున మేత తయారుచేయు అవంతి ఫీడ్స్, ఒకనాటి చిన్న సంస్థ, ఆ వెల్లువలో ఎదిగినది. ఎన్ని పొలములు చెరువులైనవో, రైతు ఏ మేత అడుగుచున్నాడో, అరువు ఎన్ని నెలలో ముంబయి నిపుణునికంటె ముందు ఆ యూరి బడిపంతులునకే తెలియును. చిన్న సంస్థల విషయమున సామాన్యునకు గల బలమిదియే. అయినను ఒకే సరకుపై, ఒకే విదేశపు గిరాకీపై నిలిచిన వ్యాపారమునకు గాలి తిరుగుట తృటిలో పని. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినపుడు రొయ్యల వర్తకులు కలవరపడిరి.

ఇక ధర. వాటాకు 10 రూపాయల లాభము వచ్చు సంస్థను 600 రూపాయలకు కొనువాడు 60 ఏండ్ల లాభమును ముందే చెల్లించుచున్నాడు. అది పెరుగునన్న ఆశయే అతని ఆధారము. 2008 జనవరి మొదలు 2009 మార్చి వరకు సెన్సెక్సు సగమునకు పైగా పడగా, చిన్న సంస్థల సూచి నాలుగింట మూడువంతులకు పైగా పడినది. పడునపుడు కొనువాడు దొరకడు. దినమునకు 5 శాతమే మారవచ్చునను హద్దు గల వాటా ఉదయమే అడుగు హద్దును తాకి, అమ్మదలచినవారి వరుస సాయంకాలము వరకు కదలదు. రెండేండ్లలో పిల్లల చదువునకు, పెండ్లికి కావలసిన సొమ్మును ఇందు పెట్టరాదనుట అందుచేతనే.

విద్యార్థులు చేయదగిన అభ్యాస మొకటి కలదు. ఏదేని ఒక చిన్న సంస్థయొక్క ఐదేండ్ల క్రిందటి వార్షిక నివేదికను ఎక్స్ఛేంజివారి వెబ్‌సైటునుండి ఉచితముగా దింపుకొని, అధ్యక్షుని సందేశములోని వాగ్దానములను పెన్సిలుతో గుర్తింపుడు. పిదప ఈ యేటి నివేదికను ప్రక్కన పెట్టుకొనుడు. కట్టుదుమన్న కర్మాగారము పూర్తియైనదా? తీర్చుదుమన్న అప్పు తీరినదా? నెరవేరని మాటకు కారణము చెప్పినారా, లేక ఆ మాట ఊసే ఎత్తలేదా?