కిరాయి యిండ్లు – రైతు పెట్టుబడి

ప్లాటుల బేరములో చేయి కాల్చుకొని కొన్నియేండ్లు దూరముగ నున్న రైతులు కొందఱు మరల ఇండ్లవైపు చూచుచున్నారు. హుస్నాబాదులో నాలుగు పోర్షనుల యిల్లు కట్టి కిరాయికిచ్చుట లాభమా యని వారి ప్రశ్న. 2016లో ఈ పట్టణము కరీంనగరు నుండి సిద్దిపేట జిల్లాలో చేరి రెవెన్యూ డివిజను కేంద్రమైనది. గౌరవెల్లి జలాశయము క్రింద భూములు పోయి పరిహారము పొందిన కుటుంబములును చుట్టుపట్ల గలవు. ఒక్కసారి చేతికి వచ్చిన పైకము మరల రాదు గనుక ఈ ప్రశ్న చిన్నది కాదు.

ప్లాటు నెలకొక పైసయు నీయదు, ఇల్లిచ్చును. ఎంత యిచ్చునో లెక్క చూతము. మాటవరుసకు ఇల్లు స్థలముతో 30 లక్షలనుకొందము. పోర్షనుకు నెలకు 4,000 చొప్పున ఏటికి 1,92,000 రూపాయలు. ఒక పోర్షను రెండు నెలలు ఖాళీ యున్నచో 8,000 పోవును. పన్ను, సున్నము, మోటారు మరమ్మతు 24,000. మిగులునది 1,60,000; నూటికి అయిదున్నరయైనను కాదు. ఇందులో 15 లక్షలు నూటికి తొమ్మిది వడ్డీకి తెచ్చినచో మొదటియేట వడ్డీయే 1,35,000. అసలుకు దారి యేది? పంటయే తీర్పవలెను.

1956లో విశ్వనాథరెడ్డిగారు నెలకొల్పిన ముల్కనూరు సహకార సంఘమును మన సభ్యులెఱుగుదురు. అచ్చట అప్పును పంట అమ్మకముతో ముడివేసిరి. ఇంటి అప్పునకును అదియే కొలత: కిరాయి తీర్పగల యంతయే తేవలెను. పొలము తాకట్టు పెట్టి గోడలు లేపుట మాకు సమ్మతము కాదు. చేతి సొమ్ముతో రెండు పోర్షనులు కట్టి, పునాది మాత్రము మీది అంతస్తునకు చాలునట్లు వేయుట మేలు.

స్థలము అనుమతిగల లేఅవుటులోనిదేనా యని కొనకముందే విచారింపుడు. కిరాయి పత్రము తప్పక వ్రాయించుకొనుడు. ఏడాదికి మించిన గడువైనచో 1908 నాటి చట్టము ననుసరించి రిజిస్టరు చేయింపవలెను. పదునొకండు నెలల పత్రము వాడుక యైనదందుకే. పత్రమున వేఱు షరతు లేనిచో, నెలవారీ కిరాయిదారును ఖాళీ చేయుమనుటకు 15 దినముల నోటీసు కావలెను. బంధువైనను సరే, పత్రము లేక తాళపుచెవి యీయరాదు.

మనది మెట్ట సీమ. బోరులో నీరు పడిన పిమ్మటనే గోడల మాట. పోర్షనుకొక కరెంటు మీటరు వేఱుగ పెట్టించినచో బిల్లు తగవులు సగము తప్పును.