బాసీ ఈద్ నాటి విందు

రంజాన్ పండుగనాడు మన ఇండ్లలో అందరూ క్రొత్త బట్టలు ధరించి నమాజుకు వెళ్ళివస్తారు. ఒకరినొకరు ఆలింగనము చేసుకొని ముబారక్ చెప్పుకొంటారు. పిల్లలు తమకు ముట్టిన ఈదీ పైసలను లెక్కించుకొంటూ వీధి అరుగుల మీద కూర్చుంటారు. ఇంత సందడిలోను తన క్రొత్త చీరను సాయంకాలము దాకా పెట్టెలోనుండి బయటకు తీయని వ్యక్తి ఒకరు ప్రతి ఇంటిలోను ఉంటారు. షీర్ ఖుర్మా గిన్నెలు ఒకదాని వెంట ఒకటి వసారాలోకి వస్తూనే ఉంటాయి గాని, వాటిని నింపుతున్న చేయి ఎవరిదో అతిథులకు కనబడదు.

ఇంటిలో ఇరువది మంది మిత్రులను పిలిచి, ఆ వంటింటి మనిషి కూడ వచ్చి చాప మీద కూర్చుని మాట్లాడగలిగేటంత తీరికగా పండుగ విందు జరుపుకొనుట సాధ్యమేనా అనునది ఈ వ్యాసములో మేము విచారించదలచిన విషయము. సాధ్యమే అని మా అనుభవము. అయితే ఆ అనుభవము ఒక పరాభవముతో మొదలైనది.

ఒక సంవత్సరము మేము ఉత్సాహము కొలది పండుగనాడే, అదియును మధ్యాహ్నము, సహవిద్యార్థులు ముప్పది మందిని మా ఇంటికి పిలిచాము. బెజవాడ ఎండల సంగతి పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఉదయము తెచ్చిన పాలను పండుగ హడావిడిలో వెంటనే కాచకపోవుటచే పదకొండు గంటలకు పొయ్యి మీద పెట్టగానే విరిగిపోయినవి. మరల పాలకు పరుగు. ఇద్దరు శాకాహార మిత్రులు బిర్యానీ పళ్ళెముల నడుమ మంచినీళ్ళ గ్లాసు పట్టుకొని నవ్వుతూ కూర్చున్నారు. ఆ నవ్వు మాకు ఇప్పటికీ గుర్తున్నది. రాత్రి గిన్నెలన్నీ సర్దిన తరువాత అమ్మీజాన్ అడిగిన మాట ఇది: "బేటా, మీ స్నేహితులలో ఆ పద్యాలు చదివిన అబ్బాయి ఎవరు? గొంతు మాత్రమే విన్నాను." మా వద్ద సమాధానము లేకపోయినది.

మరుసటి ఏటినుండి మేము విందును పండుగ మరునాటికి మార్చాము. ఉర్దూలో ఆ దినమును బాసీ ఈద్ అంటారు. 'బాసీ' అనగా నిన్నటిది, చల్దిది అని అర్థము. ఈ పేరులో చిన్నచూపేమియు లేదు. తెలుగు వారి సంక్రాంతిలోనూ ఇదే వివేకము కలదు. పెద్ద పండుగ నాడు పెద్దలకు పెట్టుకొనుట, పూజలు. కనుమ నాడు పశువులు. ముక్కనుమకు వచ్చేసరికి ఇంటి వారికి ఊపిరి తిరిగి, అల్లుళ్ళతో చుట్టములతో నింపాదిగా కూర్చునే వేళ చిక్కుతుంది. అట్లే ఈద్ నాటి ఉదయము నమాజుకు, మధ్యాహ్నము రక్తబంధువులకు, ఇరుగుపొరుగు పెద్దలకు చెందినది. ఆ దినమును మిత్రబృందముతో నింపుట ఇంటివారికి భారమే.

ఇక తేదీ నిర్ణయించుట ఎట్లు? ఇస్లామీయ మాసము ఇరువది తొమ్మిది దినములు గాని, ముప్పది దినములు గాని ఉంటుంది. ఇరువది తొమ్మిదవ ఉపవాసము నాటి సాయంకాలము నెలవంక కనబడినచో మరునాడే పండుగ. లేనిచో ఒక దినము ఆగవలెను. కావున ముందుగా పిలుపులు పంపదలచినవారు, ఇరువది తొమ్మిదవ ఉపవాసము నాటినుండి మూడవ దినమును ఎన్నుకొనుట మేలు. నెలవంక ముందు కనబడినా, ఆలస్యమైనా ఆ దినము ఈద్‌కు మరునాడో, ఆ మరునాడో అవుతుంది గాని పండుగతో ఢీకొనదు. 2025లో మన దేశములో ఇరువది తొమ్మిదవ ఉపవాసము మార్చి 30న వచ్చినది. నెలవంక ఆ సాయంత్రమే కనబడి 31న పండుగ అయినది. ఈ లెక్క ప్రకారము విందు ఏప్రిల్ 2న జరుగవలెను.

మార్చి 30 అనగానే తెలుగు పాఠకులకు మరొక సంగతి స్ఫురించి ఉండును. ఆనాడు ఉగాది. అంతకు ముందు ఏడు, 2024లో, ఏప్రిల్ 9న ఉగాది, 11న రంజాన్ వచ్చినవి. ఇది వింతగా తోచవచ్చును గాని కారణము సులభము. తెలుగువారి చాంద్రమాసము అమావాస్య మరునాటి పాడ్యమితో మొదలవుతుంది. మన షవ్వాల్ మాసము ఆ అమావాస్య తరువాత నెలవంక కంటికి కనబడిన సాయంకాలముతో మొదలవుతుంది. తెలుగువారు విదియ చంద్రుడని మ్రొక్కేదియు, మనము మేడ ఎక్కి వెదకేదియు తరచుగా ఒకే చంద్రరేఖ. అందుచే చైత్రము, షవ్వాల్ ఏకకాలములో వచ్చిన ఏడు ఉగాది వెన్నంటి రంజాన్ వస్తుంది. ఈ జోడీ శాశ్వతము కాదు. తెలుగు పంచాంగములో సుమారు రెండున్నర, మూడేండ్లకొకసారి అధికమాసము చేర్చి ఋతువులతో సరిచూస్తారు. 2023లో అధిక శ్రావణము వచ్చినది అందుకే. మన పంచాంగములో అట్టి సర్దుబాటు లేదు. పండుగ ఏటేటా పది పదకొండు దినములు ముందుకు జరుగుతూ వేసవినుండి శీతకాలమునకు, అచ్చటినుండి వానకాలమునకు తిరిగి వస్తుంది. ఇప్పుడు వేసవి విందు నేర్చిన విద్యార్థి కొన్నేండ్లకు పుష్యమాసపు చలిలో అదే విందును వేరు విధముగ నడుపవలసి ఉంటుంది.

వంట సంగతికి వత్తాము. బాసీ ఈద్ విందులో బిర్యానీ వద్దన్నది మా దృఢాభిప్రాయము. మా తమ్ముడు దీనికి ఇప్పటికీ ఒప్పుకొనడు. కాని బిర్యానీ పండుగ మధ్యాహ్నము ఇంటివారు తిననే తిన్నారు. అది వేడివేడిగా దించవలసిన వంట, దించేవారిని పొయ్యి దగ్గరనే కట్టిపడవేస్తుంది. మా పళ్ళెములో ఉండేవి షీర్ ఖుర్మా, దహీబడే, సెనగ గుగ్గిళ్ళు, అరటిపండ్లు, మజ్జిగ. దహీబడే అనునవి తెలుగువారి పెరుగు గారెలే. గుగ్గిళ్ళు రంజాన్ నెల పొడుగునా ఇఫ్తారులో మనము తిన్నవే. ఇందులో మాంసము లేదు. కావున ఎవరు ఏది తింటారో వడ్డించేవారు తర్కించుకొనవలసిన పనియు లేదు.

షీర్ ఖుర్మా అను పేరు పారశీకము. షీర్ అనగా పాలు, ఖుర్మా అనగా ఖర్జూరము. మన డెల్టాకు ఈ భాష అపరిచితము కాదు. మచిలీపట్నమును బందరు అంటున్నామే, ఆ 'బందర్' కూడ పారశీకములో రేవు అని అర్థమిచ్చే మాటయే. 17వ శతాబ్దములో అది గోల్కొండ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. పారశీక రేవులకు అచ్చటినుండి ఓడలు నడిచేవి. 1611లో ఇంగ్లీషువారు అచ్చట వర్తకస్థానము నెలకొల్పారు.

ఇరువది మందికి మూడు లీటర్ల పాలు, నూటయాభై గ్రాముల సన్న సేమ్యా, ముప్పది ఎండు ఖర్జూరములు, మూడువందల గ్రాముల చక్కెర చాలును. బాదము, పిస్తా, చిరోంజీ అని మనము పిలిచే సారపప్పు ఎవరి శక్తి కొలది వారు వేసికొనవచ్చును. కిటుకంతయు పనిని రెండు దినములకు పంచుటలో ఉన్నది. ముందునాటి రాత్రి ఖర్జూరములను నానబెట్టి, తెల్లవారి గింజలు తీసి సన్నగా చీరవలెను. సేమ్యాను నేతిలో దోరగా వేయించి మూతగల డబ్బాలో భద్రపరచవలెను. విందునాడు పాలు ఇంటికి రాగానే, మరే పనియు ముట్టక, కాచవలెను. వేసవిలో కాచని పాలలో పులుపు వేగముగ పుట్టి వేడి తగలగానే విరుగుతాయి. ప్యాకెట్టు పాలకును ఇది వర్తిస్తుంది. పాలు నాలుగవ వంతు ఇగిరినపిదప చక్కెర, ఖర్జూరములు, పప్పులు చేర్చి దించి ఉంచవచ్చును. సేమ్యాను మాత్రము అతిథులు వచ్చు వేళకే కలిపి ఒక పొంగు రానీయవలెను. ముందే కలిపితే సేమ్యా పాలను పీల్చుకొని పాయసము ముద్దగా మారుతుంది. గారెలు ఉదయమే వండి, ఒక్క క్షణము నీటిలో ముంచి తీసి పెరుగులో వేయవలెను. ఆ పెరుగులో గిద్దెడు పాలు కలిపితే సాయంకాలము దాకా పులియదు. ఈ ఏర్పాటుతో నాలుగు గంటలకు వంటింటిలో మిగిలే పని పావుగంట సేపటిది.

శాకాహారులైన మిత్రుల విషయము కొంత సున్నితమైనది. పిలిచేటప్పుడే ఏమేమి పెట్టబోతున్నామో చెప్పివేయుట ఉత్తమ పద్ధతి. వచ్చిన తరువాత చెవిలో అడిగించుకొనుట వారికిని మనకును ఇబ్బంది. మాంసము వండని గిన్నెలను ఈ విందుకు వేరుగా ఉంచవలెను, ఉంచినామని ఒక్కమారు చెప్పవలెను. అప్పటికిని ఇంటి ఆచారము వలన మన వంట ముట్టనివారు ఉండవచ్చును. వారిని బలవంతపెట్టరాదు, ముట్టలేదని మనసులో పెట్టుకొనరాదు. మా పేటలోని పెద్దలు అట్టి ఇండ్లకు వండిన పాయసము పంపక సేమ్యా, చక్కెర, ఖర్జూరములు పళ్ళెములో పెట్టి పంపేవారు. చక్రకేళి అరటిపండు తొక్కతోనే వస్తుంది; కొబ్బరిబొండము వారి కళ్ళ యెదుటనే కొట్టించవచ్చును. ఏమియు తినక రెండు గంటలు మనతో కూర్చుని వెళ్ళిన మిత్రుడు మన విందుకు వచ్చినట్లే.

పెద్ద ఇల్లు లేదని వెనుకాడవలసిన పని లేదు. వన్‌టౌన్ సందులలోని ఇండ్లకు గదులు చిన్నవైనను మేడ ఉంటుంది. నాలుగున్నరకు మేడ మీద నీళ్ళు చల్లితే గచ్చు వేడి తగ్గి, ఐదున్నరకు జంపఖానా పరచుకొనుటకు అనువగును. వట్టివేళ్ళు వేసిన కుండ ఒకటి మెట్ల మొదట ఉంచిన చాలును. మార్చి, ఏప్రిల్ నెలలలో మన ఊరిలో ఆరుంపావు దాటిన తరువాత ప్రొద్దు గ్రుంకుతుంది. మగ్రిబ్ నమాజు కొరకు క్రింది గది ఒకటి ఖాళీగా ఉంచి, నమాజుకు వెళ్ళేవారు వెళ్ళివచ్చేటంత సేపు మిగిలినవారు మాటలలో ఉండవచ్చును. షవ్వాల్ నెలలోని ఆరు ఐచ్ఛిక ఉపవాసములను పెద్దలు కొందరు బాసీ ఈద్ నాటినుండే మొదలుపెడతారు. కావున వడ్డన ప్రొద్దు గ్రుంకిన తరువాతనే జరిపితే ఇంటి పెద్దలు కూడ దస్తర్‌ఖాన్ దగ్గర మనతో కూర్చోగలుగుతారు.

కార్యక్రమము ఏమిటని కొందరు అడుగుతారు. కళాశాలలలో జరిగే ఈద్ మిలాప్ సభలకు వేదిక, ఉపన్యాసములు, వందన సమర్పణ ఉండుట సమంజసమే; అది సభ. ఇంటి విందుకు వాటిని తెచ్చిపెట్టుకొనరాదు. మా మేడ మీద సాగేది బైత్‌బాజీ. ఒకరు ఉర్దూ ద్విపది చదివితే, దాని చివరి అక్షరముతో మొదలయ్యే ద్విపదిని ఎదుటి పక్షమువారు అందుకొనవలెను. ఉర్దూలో 'డ' వలె నాలుక మడిచి పలికే ఒక రకారము కలదు. దానితో ఏ మాటయు మొదలు కాదు. ఆ అక్షరముతో ముగిసే ద్విపదిని దాచుకొన్న ఘటికుడు విసరినపుడు ఎదుటివారికి మామూలు రకారముతో సరిపెట్టుకొనుటకు అనుమతి ఉంటుంది.

తెలుగు మిత్రులను చేర్చుకొన్నపుడు ఒక చిక్కు వచ్చినది. వేమన పద్యములన్నియు 'వేమ' అనే ముగియును గనుక ఎదుటివారికి ఎప్పుడును 'మ' దొరుకుతుంది. సుమతీ శతకమైనచో ఎప్పుడును 'త' దొరుకుతుంది. రెండు మూడు వంతులకే ఆట చప్పబడినది. అప్పుడు మేము నియమము మార్చాము. తెలుగు పద్యమునకు చివరి అక్షరము గాక రెండవ పాదము మొదటి అక్షరమును తీసికొని, ఆ ధ్వనితో ఉర్దూ పక్షమువారు అందుకొనవలెను. ఈ నియమముతో ఒక సాయంకాలము రెండు గంటల సేపు ఆట సాగినది. ఆనాడు ఉర్దూ పక్షమున అందరికంటె ఎక్కువ ద్విపదులు చదివినది మెట్ల వద్ద కూర్చున్న అమ్మీజాన్. ఆమెకు అన్ని కవితలు వచ్చునని మాకు అంతవరకు తెలియదు.

ఖర్చు విషయమున ఒక మాట. ఇంటిలోని ప్రతివారి పేర, పసిబిడ్డ పేరకూడ, చెల్లించవలసిన ఫిత్రా ఈద్ నమాజుకు ముందే పేదలకు చేరవలెను. విందుకు ఎంత పెట్టవలెనో అది చేరిన తరువాతనే లెక్కించవలెను. పైన చెప్పిన పదార్థములకు అప్పు చేయవలసిన అగత్యము మధ్యతరగతి ఇంటికి రాదు. ఒకవేళ వచ్చునట్లున్నచో పిస్తా మానివేయవచ్చును, ఖర్జూరములతోనే రుచి సరిపోతుంది.

చివరి పని గిన్నెలది. అతిథులు వెళ్ళిన తరువాత వాటిని అమ్మీజాన్‌కు వదలివేసినచో పైన చేసిన ఏర్పాటు అంతయు వ్యర్థమే. మా ఇంటిలో మగపిల్లలము ముగ్గురము ఆ రాత్రి పెరటి కుళాయి వద్ద కూర్చుంటాము. ఒకరు తోముట, ఒకరు కడుగుట, ఒకరు తుడిచి బోర్లించుట. మిగిలిన షీర్ ఖుర్మాను ఆ రాత్రియే ఇరుగుపొరుగు ఇండ్లకు పంచివేయవలెను, తెల్లవారేసరికి అది నిలువదు. పాలు తగలని వేయించిన సేమ్యా మాత్రము డబ్బాలో కొద్ది దినములు నిలుస్తుంది. మరుసటి శుక్రవారము మరొక గిన్నె పాయసమునకు అది పనికివస్తుంది.