తెరమీది మోటారు, త్రోవమీది మోటారు

వార్తాపత్రికలయందు వ్యవసాయమునకును, సంగీతమునకును వేర్వేరు పుటలుండునట్లే టెలివిజనునందు మోటారుబండ్లకై ప్రత్యేకించిన కార్యక్రమములు కలవు. వానిని తెరమీది పత్రికలనవచ్చును. క్రొత్తగా వచ్చిన కార్ల వార్తలు, వానిని నడిపి చూచిన పరీక్షలు, కొనదలచినవారికి హితవులు, ఈ మూడును వానిలోని ముఖ్యభాగములు. నేడు వేంసూరువంటి గ్రామమున నున్నవారును కారు కొనుటకు ముందు చేతిలోని ఫోనునందు ఇట్టి పరీక్షలను చూచి, ఏది మేలో నిర్ణయించుకొనుచున్నారు. ఆ నిర్ణయముపై లక్షల రూపాయలు ఆధారపడియున్నవి. అంతకన్న విలువైన ప్రాణములును ఆధారపడియున్నవి. కావున అట్టి పరీక్ష మనకేమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో విచారించుట యుక్తము.

మన ప్రాంతమున మోటారు మొదట పదిమంది బండిగానే పరిచితమైనది. నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932లో 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను రోడ్డు రవాణాశాఖను ప్రారంభించిరి. బస్సెక్కువానికి బండి నెన్నుకొను పనిలేదు. వచ్చినదానిలో చోటు దొరకిన చాలును. సొంతబండి కొనవలసివచ్చినప్పుడే గుణదోషవిచారణ అవసరమగును. ఇంగ్లండులో సొంతకార్లు ముందుగా విస్తరించుటచే అచట ఇట్టి కార్యక్రమములును ముందుగా వెలసినవి. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైన ‘టాప్ గేర్’ను బీ.బీ.సీ. వారు 1977 ఏప్రిలులో బర్మింగ్‌హామునుండి ప్రారంభించిరి. ఆ సంవత్సరముననే అక్టోబరులో హైదరాబాదున దూరదర్శన కేంద్రము నెలకొన్నది. అమెరికాలో మేరీలాండునుండి ‘మోటార్‌వీక్’ అను కార్యక్రమము 1981లో మొదలైనది.

తొలినాళ్ల ‘టాప్ గేర్’ కొనువారికి తోడ్పడు శాంతమైన కార్యక్రమము. 2002లో అది క్రొత్తరూపము దాల్చి, వినోదమే ప్రధానముగా ప్రపంచమంతట వ్యాపించెను. ఆ వినోదములోను ఒక శాస్త్రీయమైన అంశము లేకపోలేదు. డన్స్‌ఫోల్డు అను పాత విమానాశ్రయములో ఒకే బాటమీద, ముఖము కనబడనీయని ఒకే చోదకుడు కారు వెంట కారును నడుపగా, ఒక్కొక్కదానికి పట్టిన కాలమును పట్టికలో వ్రాసెడివారు. బాటయు, చోదకుడును మారకున్నచో మారినది కారు మాత్రమే. కనుక పోలిక చాలవరకు న్యాయమగును. పరీక్షకు ప్రాణమిదియే. ఏ పరీక్షను చూచినను, పోల్చిన రెండు కార్లును ఒకే త్రోవమీద, ఒకే బరువుతో నడపబడెనా యని మనము మొదట ప్రశ్నింపవలెను.

ఐతే ఆ బాటమీద ఎదురుగా గేదెలు రావు. వెనుకదీపము లేని ట్రాక్టరు పామాయిల్ గెలలు నింపుకొని చీకటిలో పోవదు. సత్తుపల్లి, అశ్వారావుపేట మార్గములలో తిరుగువారికి ఇవి నిత్యానుభవములు. కావున తెరమీద విన్న ప్రతి అంకెను మన త్రోవకు సరిపెట్టి చూచుకొనవలెను.

మైలేజీని తీసికొందము. కారు కంపెనీ ప్రకటించు అంకె పూణేలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థల ప్రయోగశాలలో, రోలర్లమీద చక్రములు తిరుగుచుండగా, నిర్ణీతమైన వేగక్రమములో కొలువబడినది. కార్లను ఒకదానితో నొకటి పోల్చుటకు అది మంచి కొలబద్ద. మన పెట్రోలు ఖర్చునకు హామీ మాత్రము కాదు. గ్రౌండ్ క్లియరెన్సు, అనగా నేలకును కారు అడుగునకును గల ఎడమును అట్టిదే. సాధారణముగా ప్రకటించునది ఖాళీ కారు కొలత. ఐదుగురు కూర్చుండి వెనుక బియ్యపుబస్తాలు వేసినప్పుడు స్ప్రింగులు క్రుంగి ఆ ఎడము తగ్గును. కనుక కొనదలచినవాడు కుటుంబమంతటిని ఎక్కించుకొని, తన యూరి గతుకులబాటమీదనే ఒకసారి నడిపి చూచుట మేలు. నిండుబరువునకు టైర్లలో గాలి ఎంత యుండవలెనో సాధారణముగా చోదకుని తలుపు ప్రక్కన అంటించిన చీటిలో ఉండును; దానిని చదువువారు కొలదిమంది.

ఇక అన్నిటికన్న ముఖ్యమైనది వేగము. తెరమీద వేగము అందముగా నుండును. దానిని ఆపుటకు పట్టు దూరము కంటికి కనబడదు. గంటకు 36 కిలోమీటర్ల వేగమున కారు సెకనుకు 10 మీటర్లు పోవును. ఎదుట అపాయము కనబడి కాలు బ్రేకును చేరుటకు ఒక సెకను పట్టిననుకొందము. ఆలోపలనే 10 మీటర్లు గడచును. పొడిగా నున్న మంచిరోడ్డుమీద గట్టిగా బ్రేకు వేసినచో మరి యెనిమిది మీటర్లకు కారు నిలుచును. మొత్తము 18 మీటర్లు. వేగము రెట్టింపై 72 కిలోమీటర్లైనచో బ్రేకు పడకముందే 20 మీటర్లు. పడినతర్వాత ఎనిమిదికి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, సుమారు 33 మీటర్లు. మొత్తము 53 మీటర్లు. వానకు తడిసి టైరుపట్టు సగమైనచో ఈ మొత్తము 85 మీటర్లు దాటును. రాత్రి ముందుదీపముల వెలుగు అంతదూరము చూపకున్నచో, ఆ చోదకుడు కన్నులు మూసికొని నడుపుచున్నవానితో సమానుడు.

ఢీకొన్నప్పుడు లోపలివారు ఎంతవరకు బ్రతుకుదురో తెలుపుటకు స్టార్లు ఇచ్చు పరీక్షలున్నవి. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు మనదేశమున విరివిగా అమ్ముడగు ఐదు చిన్నకార్లను పరీక్షింపగా, ఐదింటికిని పెద్దవారి రక్షణవిషయమున ఒక్క స్టారైనను రాలేదు. తరువాత కార్లు గట్టిపడినవి. 2023 అక్టోబరునుండి మన ప్రభుత్వమువారి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలును అమలులోనికి వచ్చినవి. ఈ పరీక్షలో కారు అడ్డుగోడను ఎదురుగా ఢీకొను వేగము 64 కిలోమీటర్లు మాత్రమే. లోపలి బొమ్మలు సీటుబెల్టులు పెట్టుకొనియుండును. 90 కిలోమీటర్ల వేగమున దెబ్బలోని శక్తి ఇంచుమించు దీనికి రెట్టింపు. ఐదు స్టార్ల కారు కొని బెల్టు పెట్టుకొననివాడు గొడుగు కొని చంకబెట్టుకొని తడియువానివంటివాడు. వెనుకసీటున కూర్చున్నవారికిని బెల్టు అంతే అవసరము.

వేగవినోదము చూపువారినే విడిచిపెట్టలేదు. క్రికెట్ ఆటగాడుగా మనకు సుపరిచితుడైన ఆండ్రూ ఫ్లింటాఫ్ 2022 డిసెంబరులో ఆ డన్స్‌ఫోల్డులోనే ‘టాప్ గేర్’ చిత్రీకరణలో తీవ్రముగా గాయపడెను. 2023 నవంబరులో బీ.బీ.సీ. వారు ఆ కార్యక్రమమును ఇప్పట్లో తిరిగి ప్రారంభింపబోమని ప్రకటించిరి. ఎదురుబండి లేని బాట, సహాయకులు, వైద్యులు సిద్ధముగా నున్న చోటనే ఇట్లైనప్పుడు, ఆ విన్యాసములను మన ఊరి మలుపులలో అనుకరించు యువకుల గతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఖమ్మమునుండి సత్తుపల్లి ప్రాంతముమీదుగా దేవరపల్లికి నాలుగు వరుసల నూతనరహదారి చేపట్టబడినది. రోడ్డు బాగుపడినకొలది వేగము పెరుగును. వేగముతో వివేకమును పెరుగవలెను. మోటారు కార్యక్రమములను తప్పక చూడుడు. కార్ల పోలికను వారినుండి గ్రహింపుడు. బరువు, వాన, చీకటి, పశువులు, పాదచారులు, ఈ లెక్కలను మాత్రము మీరే వేసికొనుడు. ఎంత వేగముగా పోగలదని అడుగుటకు ముందు, ఎంత దూరములో ఆగగలదని అడుగువాడే కారు కొనుటకును, నడుపుటకును అర్హుడు.