మచ్చ పోవాలంటే మంట ఓర్చుకోవాల్సిందేనా?

మొటిమలు ఇరవైల్లో వచ్చి పోతాయి. అవి చేసిన గుంటలు మాత్రం నలభైల్లోనూ బుగ్గల మీదే ఉంటాయి. మనామాలో వాటికి చికిత్స ఇప్పుడు అందని మాటేమీ కాదు. మహూజ్ నుంచి ఎటు కారు తిప్పినా ఏదో ఒక చర్మ వైద్యుల బోర్డు కనిపిస్తుంది. సెలవుకి ఇంటికెళ్లే ముందు, పెళ్లిచూపుల ముందు మన కుర్రాళ్లు నన్ను అడిగేది ఖర్చు గురించి కాదు. ‘అన్నా, ఎంత నొప్పి పెడుతుంది?’ అని.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, డాక్టర్ని కాను. ఏడాదిన్నరగా ఈ చికిత్సలు చేయించుకుంటున్న పేషెంట్‌ని. అడిగినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. నొప్పి ఏ చికిత్స అన్నదాన్ని బట్టి ఉంటుంది. తగ్గించే మార్గాలు చాలానే ఉన్నాయి. పళ్లు బిగబట్టి కూర్చోవడం మాత్రం వాటిలో లేదు.

మైక్రో నీడ్లింగ్‌లో సన్నటి సూదులు చర్మాన్ని చకచకా గుచ్చుతూ పోతాయి. బుగ్గ మీద గరుకు కాగితం రాసినట్టుంటుంది. పై పెదవి దగ్గర, నుదుటి ఎముక మీద మాత్రం కళ్లలో నీళ్లు తిరుగుతాయి. గుంట అడుగున అతుక్కున్న పోగుల్ని సూదితో తెంపే సబ్‌సిషన్‌కి ముందుగా మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. ఆ తర్వాత నొప్పి అంతగా ఉండదు కానీ, చర్మం లోపల పోగులు తెగుతున్న చప్పుడు చెవికి వినబడుతుంది. ఈ సంగతి ముందే తెలిస్తే సగం భయం పోతుంది. చిన్న లోతు గుంటల్లో ఆమ్లపు చుక్క పెట్టే పద్ధతి నిప్పురవ్వ తగిలినట్టు కొన్ని క్షణాలు మండి ఊరుకుంటుంది. ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్ అన్నిటికన్నా వేడి. అప్పుడే కాదు, ఇంటికి వచ్చాక కూడా కొన్ని గంటలు ఎండదెబ్బ తగిలినట్టు ముఖం సలుపుతుంది.

వీటికి ముందు రాసే మొద్దుబార్చే క్రీములో సాధారణంగా లిడోకెయిన్, ప్రిలోకెయిన్ అనే మందులు చెరో 2.5 శాతం ఉంటాయి. రాసి, అరగంట నుంచి గంట సేపు ఆగాలి. తొందరపడి పావుగంటకే తుడిచేస్తే అది పనిచేయలేదని నిందించి లాభం లేదు. కంటికి తగలనీయకూడదు, నల్లగుడ్డు పొర దెబ్బతింటుంది.

చాలామంది దీన్ని ఫేస్ క్రీములా చూస్తారు. ఇది చర్మం గుండా రక్తంలోకి వెళ్లే మందు. అమెరికాలో లేజర్‌తో రోమాలు తీయించుకోవడానికి వెళ్లిన ఇద్దరు యువతులు, ఘాటు ఎక్కువున్న ఇలాంటి క్రీమును కాళ్లంతా రాసుకుని ప్లాస్టిక్ చుట్టుకున్నారు. ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. వారి వయసు 22, 25. ఆ తర్వాత 2007 ఫిబ్రవరిలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రజలను హెచ్చరించింది. ఎక్కువ మేర రాయడం, పైన ప్లాస్టిక్ చుట్టడం, వేడి తగలడం, చర్మం గీరుకుని ఉండటం, వీటిలో ఏది జరిగినా మందు రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. జూలై ఎండలో ఇంట్లోనే క్రీము రాసుకుని, కాగుతున్న కారెక్కి క్లినిక్‌కి బయల్దేరాలనుకునే వాళ్లు ఈ వాక్యం రెండోసారి చదవాలి. క్రీము క్లినిక్‌లోనే, వాళ్లు చెప్పినంతే రాయించుకోండి. నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో గింగురుమనడం, నోట్లో లోహపు రుచి, తల తిరగడం అనిపిస్తే వెంటనే చెప్పాలి. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. ప్రిలోకెయిన్ వీరి రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గించే ప్రమాదం ఎక్కువ. ఈ లోపం గల్ఫ్‌లో తరచుగా కనిపిస్తుంది, మనవాళ్లలోనూ ఉంది.

మత్తుమందు భద్రత మీద చర్చ మన ఊరికి కొత్తేమీ కాదు. 1888, 1889లలో నిజాం ప్రభుత్వ ఖర్చుతో, సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో హైదరాబాద్‌లో రెండు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. రోగి ఊపిరిని గమనిస్తూ ఉండాలని గట్టిగా చెప్పాయి. గుండెకు నేరుగా ముప్పు లేదన్న వాటి వాదన మాత్రం తర్వాత నిలబడలేదు. లాఫింగ్ గ్యాస్ ఇస్తామనే క్లినిక్‌కి వెళ్తే, నా ఊపిరిని ఎవరు కనిపెట్టుకుని ఉంటారని అడగడంలో తప్పేమీ లేదు.

క్రీము ఒక్కటే దారి కాదు. లేజర్ తగిలే చోట చల్లటి గాలి ఊదే యంత్రం ఉంటుంది. ఉందో లేదో బుకింగ్ రోజే కనుక్కోండి. అది నొప్పితో పాటు చర్మంలో చేరే వేడినీ తగ్గిస్తుంది. మన ఛాయకు ఇది చాలా అవసరం. వేడి ఎక్కువైతే గుంట పూడక ముందే దాని చుట్టూ నల్ల మచ్చ పడుతుంది, అది పోవడానికి నెలలు పడుతుంది. అందుకే ఒకచోట మిగతా ముఖం కన్నా సూటిగా, భరించలేనంతగా మండితే చెయ్యెత్తి ఆపమనాలి. డాక్టరు శక్తి తగ్గిస్తారు, లేదా కాసేపు ఆగుతారు. ‘మగాడివి, ఆ మాత్రం ఓర్చుకోలేవా’ అనే మాట ఇక్కడ పనికిరాదు, ఓర్పుకి మార్కులు వేసేవాళ్లు ఎవరూ లేరు.

సూది గుచ్చే చోటికి పక్కన చిన్న వైబ్రేటర్ ఆనిస్తే నొప్పి తక్కువగా తెలుస్తుంది. తాకిడి కబురు నొప్పి కబురుకి వెన్నుపాములో అడ్డుపడుతుందని మెల్జాక్, వాల్ 1965లో చెప్పిన సిద్ధాంతం దీనికి మూలం. దెబ్బ తగిలితే అమ్మ అక్కడ రుద్దేది కూడా ఇందుకే. ఇంజెక్షన్‌లో అడ్రినలిన్ కలిపితే గుండె కాసేపు దడదడలాడవచ్చు. తెలియకపోతే అదే పెద్ద భయం.

ఇంటికొచ్చాక చల్లటి గుడ్డ, డాక్టరు చెప్పిన పూత, పారాసెటమాల్ చాలు. మైక్రో నీడ్లింగ్ తర్వాత ఐబుప్రొఫెన్ వద్దంటారు చాలామంది డాక్టర్లు. ఆ కాస్త వాపే కొత్త కొల్లాజెన్‌కి దారి కాబట్టి. పసుపు, నిమ్మరసం, టూత్‌పేస్ట్ ఆ పచ్చి చర్మం మీద పెట్టొద్దు. ఊరి నుంచి వీడియో కాల్‌లో ఎవరు చెప్పినా సరే. బహ్రెయిన్ ఉక్కలో పట్టే ఉప్పు చెమట కూడా మంటే. కారు పక్క అద్దం గుండా ఎండలోని యూవీఏ కిరణాలు లోపలికి వస్తాయి. అందుకని పుండు ఆరాక సన్‌స్క్రీన్ తప్పదు.

మంట రోజురోజుకీ తగ్గాలి. మూడో రోజు నుంచి పెరుగుతున్నా, చీము పట్టినా, గుంపుగా నీటి పొక్కులు లేచినా పారాసెటమాల్‌తో నెట్టుకురాకండి. ఇన్ఫెక్షనో, హెర్పిసో కావచ్చు. పెదవుల మీద పొక్కులు వచ్చే అలవాటున్నవాళ్లు లేజర్‌కి ముందే చెబితే నివారణ మాత్రలు ఇస్తారు.

ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి నేను గురువారం సాయంత్రం బుక్ చేసుకుంటాను, తీసుకెళ్లడానికి స్నేహితుడిని పిలుస్తాను. రెండు సెషన్ల మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు ఎడం కావాలి. ఇరవై రోజుల సెలవులో హైదరాబాద్‌లో మూడు చేయించేసుకుంటాననే తమ్ముళ్లు ఈ లెక్క ముందు వేసుకోవాలి. పెళ్లి డిసెంబర్లో ఉంటే మొదటి సెషన్ వేసవిలోనే పడాలి.